సీతమ్మ పుట్టింటికి పాస్‌పోర్టు అక్కర్లేదు

నెల్లిమర్లలో ఒక ఇంట్లో చీటీ డబ్బు చేతికొచ్చింది. దాంతో ఏం చేయాలన్నదే తగువు. మేనకోడలు ప్రైవేటు బడిలో లెక్కల టీచరు, భర్తకు మోటార్లు చుట్టే షాపు. ఇద్దరు పిల్లల్నీ తల్లినీ తీసుకుని ఐదుగురూ దసరా సెలవుల్లో నేపాల్ వెళ్లి రావాలని ఆమె పట్టు. జూట్ మిల్లులో పనిచేసి ఇంటిపట్టున ఉంటున్న మావయ్యకు అది బొత్తిగా నచ్చలేదు. ఈ ఇద్దరినీ నేనే కల్పించాను. వాదన మాత్రం ఉత్తరాంధ్రలో చాలా ఇళ్లలో జరిగేదే. పెద్దాయన భయం వెనక వందేళ్ల చరిత్ర ఉంది, అందుకే ఆయన్ని ఎక్కడా తుంచకుండా మాట్లాడనిచ్చాను.

మావయ్య: ఏటమ్మా, సీటీ డబ్బులొచ్చాయంట. బంగారం కొంటావనుకున్నాను. నేపాలెల్తారని మీ ఆయన సెప్పాడు. నిజమేనేటి?

మేనకోడలు: నిజమే మావయ్యా. మధ్యలో పాడుకోలేదు, ఆఖరిదాకా కట్టి పూర్తి మొత్తం తీసుకున్నాను. పెద్దదాని కాలేజీకి దాచింది వేరే ఉంది, దాని జోలికి పోలేదు. ఐదుగురికీ అరవై వేలలో తేలుతుంది.

మావయ్య: అరవై వేలు! నా సర్వీసులో అంత డబ్బు ఒక్కసారి సేతిలో పడింది పీఎఫ్ వొచ్చిన రోజునే. దానికి ఈ రోజుల్లో తులం రాదు, నిజమే. వొచ్చినంతైనా ఒంటి మీద ఉంటాది. ఆపదొస్తే తాకట్టు పెట్టుకోవొచ్చు. సూసొచ్చింది తాకట్టు పెడతావేటి?

మేనకోడలు: పెట్టలేను. ఆపద కోసం దాచిందాంట్లోంచి ఒక్క రూపాయి తీస్తున్నా నువ్వు అడగక ముందే మానుకునేదాన్ని. ఇది మూడేళ్లుగా ఈ ప్రయాణం కోసమే కట్టిన చీటీ. అప్పు లేదు, వాయిదాలు లేవు.

మావయ్య: అప్పు లేదంటే అదొక్కటీ మంచి మాట.

ఆ ఒక్క మాట దగ్గర నేను పూర్తిగా మావయ్యతోనే ఉన్నాను. ముందు తిరిగి రండి, తర్వాత నెలనెలా కట్టండి అని యాత్రలు అమ్మే ప్రకటనలు ఇప్పుడు మండల కేంద్రాల దాకా వచ్చాయి. ఏడాది పొడుగునా జీతంలోంచి కోసుకుపోయే ప్రయాణం ఆ కుటుంబానికి సంతోషమివ్వదు. డబ్బు చేరేదాకా ఆగాలి, లేదా చేరినంతలో పోవాలి.

మావయ్య: మరి డబ్బులుండాయి కదాని ఊరొదిలి దేశం దాటాలేటి? సిరిమాను పండగ నాటికి ఎక్కడుంటారు?

మేనకోడలు: దసరా తర్వాత మంగళవారం కదా సిరిమాను. సెలవులిచ్చిన రోజే బయల్దేరితే విజయదశమికి ఇంట్లో ఉంటాం. పైడితల్లమ్మ పండగ మానేసి ఎక్కడికీ పోం.

మావయ్య: నీకు ఒక సంగతి సెప్పాలి. మా తాత రంగం ఎల్లాడు. నీకు ముత్తాత. మేస్త్రీ వొచ్చి బయానా సేతిలో పెట్టి, భీమిలి రేవుకి తీసుకుపోయి ఓడెక్కించాడు. ఆడ రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోశాడు. బయానా తీరేసరికే ఏళ్లు పట్టింది. అప్పుడు జపానోడు బాంబులేశాడు. ఇంటికి రావడానికి ఓడ లేదు. అరకాన్ కొండల్లోంచి నడిసి, చిట్టగాంగ్ సేరి, ఆడ నించి ఎలాగొలాగ వొచ్చాడు. కూడా బయల్దేరినోళ్లలో సగం మంది దారిలోనే పోయారట. నా సిన్నతనంలో రోజూ రాత్రి ఆ కత సెప్పేవోడు. మనింట్లో పరదేశం అంటే అది.

ఇక్కడ కాస్త ఆగాలి. రంగూన్‌ని మన వైపు రంగం అంటారు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి విశాఖ, భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల మీదుగా లెక్కలేనంత మంది అక్కడికి వెళ్లారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగు కూలీలందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. అంతకు ముందు ఏడాది, 1930 మే నెలలో, రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ల బదులు బర్మావాళ్లను పనిలోకి దించాయి. సమ్మె ముగిసి పాత కూలీలు తిరిగొచ్చాక కొత్తవాళ్లను పొమ్మన్నాయి. ఇద్దరు పేదవాళ్ల మధ్య పెట్టిన ఆ చిచ్చులో వందమందికి పైగా చచ్చిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక లక్షలాది మంది అడవులూ కొండలూ దాటి కాలినడకన వచ్చారు. ఆ తర్వాత కూడా అక్కడే నిలదొక్కుకున్నవాళ్లను, 1964లో బర్మాలో నే విన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసి కదిలించింది. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. అందుచేత ఇక్కడి ముసలివాళ్లు దేశం దాటడం అనగానే ముఖం ముడుచుకుంటే దాన్ని పిరికితనం అనకండి.

మేనకోడలు: ఆ కథ అమ్మ కూడా చెప్పింది మావయ్యా. నువ్వు చెప్పనిది ఒకటి చెప్పింది. ముత్తాత అక్కడున్నన్నాళ్లూ ముత్తవ్వ ఇక్కడ ఎలా బతికిందో. ఉత్తరం రాసేవాళ్లు లేరు, చదివేవాళ్లు లేరు. బాంబులు పడ్డాయని సంతలో ఎవరో అంటే విందట. మనిషి ఉన్నాడో లేడో తెలియకుండానే కూలికి పోయి పిల్లల్ని పెంచింది. మన ఇంట్లో సముద్రం దాటినవాడు ఒక్కడే, ఆ భారం మాత్రం ఇంటిల్లిపాదిదీ.

మావయ్య: అందుకే వొద్దంటన్నాను.

మేనకోడలు: నేను అందుకే వెళ్తానంటున్నాను. ఇప్పటిదాకా మన వైపు నుంచి దేశం దాటినవాళ్లు ఎవరు? రంగం కూలీలు. దుబాయ్, మస్కట్ పోయిన తాపీ పనివాళ్లు. గుజరాత్ బోట్లలో చేపల వేటకి పోయి, 2018లో పాకిస్తాన్‌కి చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు. ఏడాదికి పైగా జైల్లో ఉండి 2020 జనవరిలో వాఘా దగ్గర ఇటు అడుగు పెట్టారు. అందరూ కూటి కోసం పోయినవాళ్లే, అందరూ పెళ్లాం పిల్లల్ని వదిలి ఒంటరిగా పోయినవాళ్లే. ఒక్కసారైనా అందరం కలిసి, ఎవరికీ కూలి చేయడానికి కాకుండా, చూడడానికని వెళ్లి రాకూడదా?

మావయ్య: సూడ్డానికి మన దేశం సాలదేటి? అరకు ఎల్లావు, సరే. ముఖలింగం ఎల్లావు. రామతీర్థంలో గురుభక్తులకొండ ఎక్కించావేటి పిల్లల్ని? బుద్ధుడి కాలం ఇటికలు ఆడున్నాయి. ఎన్ని దేశాలోళ్లో వొచ్చి సూసిపోతారు. ఇంటి ముందున్న కొండ ఎక్కనోళ్లకి హిమాలయాలా?

మేనకోడలు: ఎక్కించలేదు. ఆ మాట ఒప్పుకుంటాను. ఈ ఆదివారమే తీసుకెళ్తాను, నువ్వూ రా. కానీ మావయ్యా, ఆ కొండ ఎక్కినవాడికి లుంబిని చూడాలనిపించడం తప్పా? అక్కడ అశోకుడు నిలబెట్టిన రాతి స్తంభం ఉంది. బుద్ధుడు పుట్టిన ఊరని ఆ గ్రామానికి పన్ను తగ్గించానని దాని మీద చెక్కించాడు. మన కళింగని నరికినవాడే, ఆ తర్వాత అక్కడికి దణ్ణం పెట్టుకోడానికి పోయాడు. పిల్లలకి పుస్తకంలో చెప్పి చెప్పి నాకే చూడాలనిపించింది.

మావయ్య: మరి లుంబినికెల్తారా?

మేనకోడలు: ఈసారి లేదు. అది పడమటి వైపు, మేం వెళ్లేది తూర్పు వైపు. రెండూ పెట్టుకుంటే అరవై వేలు ఎనభై అవుతాయి.

మావయ్య: సూడు, లెక్కల టీచర్‌వి కదా, అక్కడ బాగానే పట్టు పట్టావు. మరి ఎక్కడికెల్తారు?

మేనకోడలు: విజయనగరంలో హౌరా మెయిలు ఎక్కుతాం, స్లీపరే. హౌరాలో దిగి, గంగ దాటి సియాల్దా వెళ్లి, సాయంత్రం గంగాసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు బీహార్‌లో జయనగర్. అక్కడ మన స్టేషను పక్కనే నేపాల్ రైలు. ఒకప్పుడు చిన్న గేజి బండి తిరిగేదట, 1937 నాటిది, 2014లో ఆగిపోయింది. మళ్లీ పెద్ద గేజి వేసి 2022 ఏప్రిల్ 2న మొదలుపెట్టారు. అప్పటికి లైను ముప్ఫై అయిదు కిలోమీటర్లు. ఆ పెట్టెలు మన చెన్నై ఫ్యాక్టరీలో చేసినవే. జనక్‌పూర్‌లో దిగుతాం.

మావయ్య: జనక్‌పూర్...

మేనకోడలు: సీతమ్మ పుట్టిల్లు. అమ్మ ప్రతి శ్రీరామనవమికీ రామతీర్థం కల్యాణానికి పోతుంది కదా. అత్తవారి వైపు పెళ్లి ఇన్నేళ్లుగా చూస్తున్నాను, అమ్మాయి వైపు ఇల్లు ఎలా ఉంటుందో అని ఒకసారి అంది. అక్కడ జానకీ మందిరం ఉంది. టీకంగఢ్ రాణి వృషభాను కట్టించింది, 1910లో పూర్తయింది. తొమ్మిది లక్షలు ఖర్చయిందని నౌలఖా మందిరం అంటారు. కార్తీకం వెళ్లాక వివాహ పంచమికి అయోధ్య నుంచి పెళ్లివారు ఊరేగింపుగా వస్తారట. ఆ జనంలో అమ్మని తీసుకెళ్లడం కష్టమని దసరాకి పెట్టాను.

మావయ్య: నా సెల్లి అలా అందా? నాతో ఎప్పుడూ అన్లేదే.

మేనకోడలు: నీతో అనదు. నాన్న పోయాక మమ్మల్ని నిలబెట్టింది నువ్వు. నిన్ను ఇంకోటి అడగడం ఆమెకి చేతకాదు. నాతో కూడా అడగలేదు, అన్నదంతే. బియ్యం ఏరుతూ.

మావయ్య కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. ఉత్తరాంధ్ర ఇళ్లలో అరవై దాటిన ఆడవాళ్ల ప్రయాణాలు నేను చాలా చూశాను. పూరీ, తిరుపతి, కాశీ. ఎవరో ఒకరు బస్సు మాట్లాడి తీసుకెళ్తే కూర్చుని వెళ్తారు, వంట పాత్రలు కూడా వాళ్లే మోస్తారు, దారి పొడుగునా ఇరవై మందికి వండుతారు. తమకి ఫలానా చోటు చూడాలని ఉందని వాళ్లంతట వాళ్లు అనడం అరుదు. అన్నప్పుడు వినాలి. ఈ మొత్తం వాదనలో నాకు ముఖ్యమైనది అదే. బంగారం మళ్లీ కొనుక్కోవచ్చు. ఆ మనిషి మోకాళ్లు ఇంకో మూడేళ్లకు ఇలా ఉండవు.

మావయ్య: సరే, మీయమ్మ సంగతి ఒప్పుకున్నాను. భయం మాట ఏటి? పోయిన సెప్టెంబర్లో టీవీ సూడలేదేటి? 2025లో. పార్లమెంటు తగలబెట్టారు. కుర్రోళ్ల మీద కాల్పులు. డెబ్బై మందికి పైగా పోయారు. ఇమానాలు ఆపేశారు. ముక్తినాథ్ ఎల్లిన మనోళ్లు హోటళ్లలో ఇరుక్కుపోయారు. ఆల్ల పిల్లలు ఇక్కడ ఫోన్లు పట్టుకుని ఏడుస్తుంటే సూసి నాకు నిద్ర పట్టలేదు.

మేనకోడలు: నాకూ పట్టలేదు. తర్వాత ఏమైందో కూడా చూశాను. మూడు రోజుల్లో ప్రత్యేక విమానం ఖాట్మండు వెళ్లింది, మనవాళ్లని ఎక్కించుకుని విశాఖలో, తిరుపతిలో దింపింది. ముత్తాత కోసం ఎవరు విమానం పంపారు? ఆయన్ని అప్పటి సర్కారు నడిచి రమ్మంది. భయం ఉండాలి మావయ్యా, కాదనను. ఆ భయంతో ఏం జాగ్రత్తపడాలో చూసుకోవాలి. రాయబార కార్యాలయం నంబరు రాసి ఇంట్లో ఒకటి, నా దగ్గర ఒకటి ఉంచుతాను. అక్కడ గొడవ మొదలైతే జనక్‌పూర్ నుంచి మన సరిహద్దు గంట దూరం. ఖాట్మండులో కాకుండా ముందు జనక్‌పూర్‌లో దిగడం అందుకు కూడా.

మావయ్య: భూకంపం?

మేనకోడలు: 2015 ఏప్రిల్‌లో వచ్చింది, దాదాపు తొమ్మిది వేల మంది పోయారు. దానికి నా దగ్గర జవాబు లేదు. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన విశాఖలో ఉన్నవాళ్ల దగ్గరా లేదు.

మావయ్య: కాయితాలు? పాస్‌పోర్టుల్లేవు కదా మీకు.

మేనకోడలు: అక్కర్లేదు. 1950 ఒప్పందం నాటి నుంచి రెండు దేశాల మధ్యా వీసా లేదు. పాస్‌పోర్టు పెద్దవాళ్లకి ఒక్కోటి పదిహేను వందలు, ఐదుగురికీ కలిపితే అదే ఎంతవుతుందో చూడు. నేపాల్ ఎంచుకోవడానికి అదొక కారణం. విశాఖ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానం వేశారని 2024లో మా స్టాఫ్ రూములో అందరూ అదే మాట. పాస్‌పోర్టులు, టికెట్లు కలిపితే మన చీటీ చాలదు, అమ్మకి అక్కడ తిండి పడదు.

మావయ్య: ఆధార్ సాలదా మరి?

మేనకోడలు: అందరికీ చాలదు. విమానంలో వెళ్లేవాళ్ల నిబంధన ఏమిటంటే, పదిహేను నుంచి అరవై అయిదేళ్ల లోపువాళ్లకి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. అరవై అయిదు దాటినవాళ్లకీ, పదిహేను లోపు పిల్లలకీ ఆధార్ లాంటిది సరిపోతుంది. మేం రైల్లో వెళ్తున్నా అదే పద్ధతి పాటిస్తాను, గొడవుండదు. నాకూ ఆయనకీ ఓటరు కార్డులున్నాయి. అమ్మకి, చిన్నోడికి ఆధార్. పెద్దదానికి పదహారు కదా, వాళ్ల హెడ్‌మాస్టరు సంతకంతో గుర్తింపు పత్రం తీసుకోవాలి.

మావయ్య: మీయమ్మ ఓటరు కార్డు కూడా పట్టుకెళ్లు. దాంట్లో ఇంటిపేరు తప్పు పడింది, సూసుకున్నావా?

మేనకోడలు: చూసుకున్నాను. దిద్దించడానికి దరఖాస్తు పెట్టాను.

మావయ్య: డబ్బులెలా పట్టుకెల్తావు?

మేనకోడలు: మన నూరు రూపాయలకి వాళ్ల నూట అరవై. 1993 నుంచి అదే లెక్క, రోజూ మారదు. 2018 డిసెంబరులో వాళ్ల ప్రభుత్వం మన రెండొందలు, ఐదొందలు, రెండు వేల నోట్లు చెల్లవని చెప్పింది. అప్పటి నుంచి పోయేవాళ్లు నూరు నోట్ల కట్టలే పట్టుకెళ్లడం అలవాటు చేసుకున్నారు. నేనూ బ్యాంకులో అవే అడుగుతాను. 2024 నుంచి ఫోన్‌పే లాంటి వాటితో అక్కడ కొన్ని కొట్లలో కట్టొచ్చు. పల్లెల్లో నోటే నమ్మకం.

ఒక్కటి పాఠకులకు చెప్పాలి. ఇంత చిన్న ప్రయాణం చెడేది ఎక్కువగా ఇలాంటి చోటే. కార్డులో పేరు ఒకటి, టికెట్టులో పేరు ఒకటి. జేబులో చెల్లని నోట్లు. పిల్లకి పదహారని ఎవరూ గుర్తుపెట్టుకోకపోవడం. యాత్ర సంస్థ ఫీజు మిగుల్చుకోవాలనుకునే కుటుంబంలో ఎవరో ఒకరు ఈ మేనకోడల్లా నోట్‌బుక్కు తీసి కూర్చోవాలి. ఆ ఓపిక లేకపోతే ఫీజు కట్టి నలుగురితో వెళ్లడమే మేలు.

మావయ్య: జనక్‌పూర్ అయ్యాక?

మేనకోడలు: రెండు రోజులుండి, బస్సులో ఖాట్మండు. పశుపతినాథ్, పటాన్, భక్తపూర్. పిల్లలు మంచు కొండలు దూరం నుంచైనా చూడాలి. పశుపతినాథ్ గుడిలో పూజలు చేసే భట్టులు తరతరాలుగా మన దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లే, తెలుసా?

మావయ్య: తెలీదు. బస్సా? కొండ దారి కదా?

మేనకోడలు: బర్దీబాస్ మీదుగా సింధులీ దారి. జపాన్ సాయంతో వేసిన రోడ్డు.

మావయ్య: జపానోడు మన తాత మీద బాంబులేశాడు, ఈడ రోడ్డేశాడన్నమాట. ఎలా ఉంటాది?

మేనకోడలు: 2024 సెప్టెంబరు వరదల్లో చాలా చోట్ల కొట్టుకుపోయింది. బాగుచేస్తున్నారు.

మావయ్య: ఓలమ్మా! దసరా అంటే వానలు ఎనకబట్టిన రోజులే. కొండసరియలు ఇరిగి పడితే ఏటి సేస్తావు? మీయమ్మ ఆ బస్సులో పదేసి గంటలు కాళ్లు ముడుసుకుని కూకోగలదా? సీతమ్మ పుట్టిల్లు సూడాలందంటే సరే. పశుపతినాథుణ్ణి ఆమె అడగలేదు. అది నీ సరదా, పిల్లల సరదా.

మేనకోడలు: జనక్‌పూర్ నుంచి చిన్న విమానం ఉంది, అరగంటలో దింపుతుంది. ఐదుగురికీ అంటే మన లెక్క దాటిపోతుంది. అంత దూరం వెళ్లి ఖాట్మండు చూడకుండా రావడమంటే నా మనసొప్పడం లేదు మావయ్యా. వాళ్లకి పన్నెండేళ్లు, పదహారేళ్లు. నేను ఆ వయసులో విజయనగరం కోట దాటి ఏమీ చూడలేదు.

మావయ్య: నువ్వు సూడలేదని ఆల్ల కోసం ముసల్దాన్ని కొండల్లో తిప్పుతావేటి? ఒక మాట సెప్తాను ఇను. జనక్‌పూర్‌లో దిగాక ఆడి బస్సోళ్లని, హోటలోళ్లని అడుగు. దారి తెరిసుందంటే ఎల్లు. తెరవలేదంటే, వానుందంటే, రెండు రోజులకి నాలుగు రోజులు ఆ గుడి దగ్గరే ఉండి తిరిగొచ్చేయండి. ఊళ్లో అందరికీ ఖాట్మండని సెప్పేశామని సిగ్గుపడొద్దు. ఎవరికీ ముందే సెప్పకు.

మేనకోడలు: నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. సరే, దారి బాగోలేకపోతే కొండెక్కం. మాటిస్తున్నాను.

మావయ్య: రాత్రి బస్సు ఎక్కొద్దు.

మేనకోడలు: ఎక్కం.

మావయ్య: డబ్బు సంగతిలో నా మాట మారలేదు, తెలుసుకో. వొచ్చే సీటీ మాత్రం నా సేతికియ్యి, నాను దగ్గరుండి బంగారం కొనిపెడతాను.

మేనకోడలు: వచ్చే చీటీ చిన్నోడి చదువుకి మావయ్యా.